సైదా రాజుల శాపం

లెబనాన్ రాజధాని బీరూట్ నుంచి మధ్యధరా తీరం వెంబడి 40 కి.మీ. దక్షిణంగా వెళ్తే సైదా వస్తుంది. చేపల రేవు, 13వ శతాబ్దంలో క్రూసేడర్లు నీళ్లలో కట్టిన కోట, ఇరుకు సందుల పాత బజారు... పర్యాటకులకు కావలసినవన్నీ ఉన్నాయక్కడ. లేనివల్లా ఒకప్పుడు సిడాన్ పేరుతో ఈ నగరాన్ని ఏలిన ఇద్దరు ఫినీషియన్ రాజుల శవపేటికలే. తమను కదిలించవద్దని శాపం పెట్టి మరీ కన్నుమూసిన తండ్రీకొడుకులు వాళ్లు.

కొడుకు రెండో ఎష్మునజార్ పేటిక 1855లో ఊరి శివార్లలో బయటపడింది. క్రీ.పూ. 6వ శతాబ్దం నాటి ఆ నల్లరాతి పేటిక మూతపై 22 పంక్తుల శాసనం ఉంది. ఏలుబడి 14వ ఏట, ఆయువు తీరకముందే పోయానని, తండ్రి లేనివాడినని, వితంతువు కొడుకునని అందులో చెప్పుకున్నాడు. లోపల విలువైనవేమీ లేవు, వెతకవద్దని బతిమాలాడు. ఆ వెంటనే శాపం: పేటిక తెరిచినవాడికి, మరోచోటికి మోసుకెళ్లినవాడికి సమాధి దక్కదు, సంతానం మిగలదు. దానమిచ్చిన భూమిని కాజేస్తే గోహత్యా పాతకం తప్పదని బెదిరించే మన శాసనాలు ఎరిగినవారికి ఈ ధోరణి కొత్తేమీ కాదు.

శాపం ఎవరినీ ఆపలేదు సరికదా, ఆ అక్షరాలే పేటికకు గిరాకీ తెచ్చాయి. ఫినీషియన్ల సొంతగడ్డపై అలాంటి శాసనం అంతకుముందు దొరకలేదు మరి. ఫ్రెంచ్ ప్రభువు ఒకరు కొని పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి ఇచ్చేశారు.

తండ్రి తబ్నిత్ వంతు 1887లో వచ్చింది. అప్పట్లో సైదా ఒట్టోమన్ల ఏలుబడిలో ఉండేది. వారి పురావస్తు అధికారి ఉస్మాన్ హమ్ది బే తవ్వించి తీసిన పేటిక ఇస్తాంబుల్ చేరింది. వెండి బంగారాలు లేవు, నా జోలికి రావద్దన్నదే ఈయన మొర కూడా. అయితే అదే పేటికపై ఈజిప్టు చిత్రలిపిలో మరో పేరుంది. అది పెన్‌ప్తా అనే సేనాని కోసం చెక్కినది. పరాయివాడి పేటికలో పడుకుని, తన పేటిక ముట్టుకోవద్దన్నాడన్నమాట రాజుగారు.

సైదాకు ఈశాన్యాన అవ్వలి నది దగ్గర ఎష్మున్ దేవుడి ఆలయ శిథిలాలున్నాయి. ఆ దేవుడికి తానూ, తల్లీ గుడి కట్టించామని ఎష్మునజార్ శాసనంలోనే ఉంది. 1967లో ఇక్కడ తవ్వి తీసిన పాలరాతి ఎద్దు తల, 1981లో అంతర్యుద్ధం నడుస్తుండగా గోదాము నుంచి చోరీ అయింది. 2017లో న్యూయార్క్ అధికారులు దాన్ని స్వాధీనం చేసుకుని లెబనాన్‌కు తిప్పి పంపారు. శాపం చేయలేని పని చట్టం చేసింది.

ఆ చట్టం 1855 దాకా వెనక్కి వెళ్లదు. కదిలించవద్దన్న ఆ కుర్ర రాజు మొరను సందర్శకులు నేటికీ పారిస్‌లోనే చూస్తున్నారు.