చౌక ద్రాక్షాసవానికి ఎన్ని మార్కులు?

మన షడ్రుచులలో అందరూ చిన్నచూపు చూసేది కషాయరసాన్ని, అనగా వగరును. చేదుకు సైతం కాకరకాయ పుణ్యమా అని అభిమానులున్నారు గాని, వగరును కోరి తినేవారు అరుదు. పాశ్చాత్యులైతే దానిని రుచుల లెక్కలోనే చేర్చలేదు. లాలాజలంలోని మాంసకృత్తులను పట్టి గడ్డకట్టించి నోటిని బిగబట్టే స్పర్శ అది, అని వారి శాస్త్రం చెబుతుంది. రుచియో స్పర్శయో ఏదైతేనేమి, ఎర్ర ద్రాక్షాసవానికి ప్రాణం ఆ వగరే. ద్రాక్షరసం సాధారణంగా తెల్లగానే ఉంటుంది. తొక్కలతో, గింజలతో కలిపి పులియబెట్టినప్పుడు తొక్క నుండి రంగు, ఆ రెండింటి నుండి వగరు దానిలోకి దిగుతాయి.

నేను మద్యపానప్రియుణ్ణి కాను. అయినా ఈ వస్తువు మన వాఙ్మయానికి కొత్తది కాదు. ద్రాక్షరసంతో చేసినదానిని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో మధువు అన్నాడు. కాపిశాయనం, హారహూరకం అని దాని పుట్టిన చోట్లను బట్టి పేర్లు కూడా చెప్పాడు. ఆయుర్వేద దుకాణంలో అమ్మే ద్రాక్షారిష్టంలోనూ పులియడం వలన పుట్టిన మద్యాంశం ఉంటుంది. అది పుచ్చుకొని మా పెద్దలెవరూ ఆచారభ్రష్టులు కాలేదు!

2023లో కాలిఫోర్నియాలో మా అబ్బాయి ఇంట ఒక విందు జరిగింది. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన మన తెలుగు కుర్రవాడొకడు వట్టి చేతులతో రాకూడదని చార్లెస్ షా అనే ఎర్ర వైన్ సీసా తెచ్చాడు. ట్రేడర్ జోస్ అంగళ్లలో అమ్మే సరుకది. 2002లో 1.99 డాలర్లకే అమ్మకానికి వచ్చినందున అక్కడివారు దానికి "టూ బక్ చక్" అని ముద్దుపేరు పెట్టారు. తరువాత ధర పెరిగినా పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. ఆ సీసాను బల్ల మీద చూడగానే ఇద్దరు పెద్దమనుషులు ముసిముసిగా నవ్వుకున్నారు. "కూరలో పోయడానికి పనికొస్తుందిలే" అన్నాడొకాయన. కుర్రవాడి ముఖం చిన్నబోయింది. ముప్పై ఏళ్లు వెనుక బెంచీల వైపు చూస్తూ పాఠం చెప్పినవాణ్ణి, ఆ ముఖం నాకు పరిచితమే.

"పేపరు తెరవకుండానే మార్కులు వేస్తారా?" అన్నాను.

పదవ తరగతి జవాబు పత్రాలు దిద్దేచోట పిల్లవాని పేరు మాకు కనపడనీయరు, కోడ్ నంబరు మాత్రమే ఉంటుంది. పేరూ ఊరూ తెలిస్తే ఎంతటి ధర్మాత్ముని చేయి అయినా అటో ఇటో వాలుతుంది. అందుకని మా అబ్బాయి చేత ఆ సీసాకూ, దానికి పదింతలు ఖరీదు చేసే మరొక సీసాకూ కాగితం చుట్టించి, ఒకటి, రెండు అని అంకెలు వేయించాను.

ఒకటవది రంగులో కోసిన నేరేడుపండు, అంచున కొంత పలచన. వాసనా నేరేడే. ఇంగ్లీషు పుస్తకాలు ఇటువంటిచోట బ్లాక్‌కరెంట్ అంటాయి. ఎన్నడూ తినని పండును పోలికగా తేవడం నాకిష్టం లేదు. నోట పోసుకుంటే ముందు పండు తీపి, వెనుక కొద్ది పులుపు, ఉందో లేదో అన్నట్లు వగరు. అయిదు లెక్కపెట్టేలోగా అంతా వెళ్లిపోయింది. రెండవది మొదట కరక్కాయలా నోరు పట్టేసింది. తరువాత మెల్లగా విచ్చుకొని, ఇరవై లెక్కపెట్టినా గొంతులో నిలిచే ఉంది. సులభంగా రసమిచ్చే కవిత్వాన్ని ఆలంకారికులు ద్రాక్షాపాకమన్నారు, పెంకు పగలగొడితేగాని అందనిది నారికేళపాకం. ద్రాక్షతోనే చేసిన ఈ పానీయంలో మాత్రం మేలైనది నారికేళపాకమే కావడం చిత్రం!

కాగితాలు విప్పకముందే ఒకటవదానికి యాభై రెండు, రెండవదానికి డెబ్బై వేశాను. విప్పితే ఒకటవది కుర్రవాడిదే.

"పాసయ్యానా మాస్టారూ?" అన్నాడు నవ్వుతూ.

"అక్షరదోషాలు లేని వ్యాసం నాయనా, కాకపోతే చెప్పిన సంగతి తక్కువ" అన్నాను.

ధరలోని తేడాకు కారణాలు లేకపోలేదు. ఈ చౌక వైన్‌కు ద్రాక్ష కాలిఫోర్నియా మధ్యలోయ నుండి వస్తుంది. అది వేడి మైదానం, దిగుబడి ఎక్కువ, కోత యంత్రాలతో. నాపాలో భూమి ధర చుక్కలనంటుతుంది. ఓక్ పీపాలు కొనలేని చౌక వైన్లలో ఓక్ చెక్కముక్కలు నానవేయడం కద్దు.

నా మార్కులే వేదమని అనను. ఇదే చార్లెస్ షా వారి 2002 షిరాజ్ 2004లో ఇంటర్నేషనల్ ఈస్టర్న్ వైన్ పోటీలో డబుల్ గోల్డ్ పొందింది. మరి ఆ పోటీల న్యాయనిర్ణేతల నిలకడ ఏపాటిది? గణాంకశాస్త్రం బోధించి విశ్రాంతి పొందిన రాబర్ట్ హాడ్జ్‌సన్ కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్‌లో 2005 నుండి నాలుగేళ్లు పరీక్షించాడు. ఒకే సీసాలోని వైన్‌ను, వారికి తెలియకుండా, ఇతర వైన్ల నడుమ మూడుసార్లు పోయించాడు. మూడుసార్లూ ఒకే పతకశ్రేణిలో ఉంచగలిగినవారు సుమారు పదిమందికి ఒక్కరు! ఆ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. ఒకే పేపరు ఇద్దరు దిద్దితే పన్నెండు మార్కులు తేడా రావడం చూసిన నాకు ఇందులో ఆశ్చర్యం కలగలేదు.

ఆ పిమ్మట వడ్డన మొదలైంది. గుత్తివంకాయ కూర, గుంటూరు మిరప ఘాటుతో. ఖరీదైనదాని వగరు ఆ కారంతో కలిసి నోటిని మండించింది. ఒకటవదాని మెత్తదనం ఇక్కడ అక్కరకు వచ్చింది. కూరలో పోయమన్న పెద్దమనిషే దానిని రెండుసార్లు పోయించుకున్నాడు. భోజనాలు ముగిసేసరికి ఆ సీసా ఖాళీ. రెండవదానిలో మిగిలిన సగానికి మా కోడలు బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టింది.