జేన్‌వే ఎందుకలా చేసింది?

మా హాస్టల్లో రూముకో గొడవ ఉండేది. ఒక రూములో చిరంజీవా బాలకృష్ణా, ఇంకో రూములో సచినా ద్రావిడా. మా రూములో మాత్రం జేన్‌వే. "స్టార్ ట్రెక్: వాయేజర్" సీరియల్లో కెప్టెన్ కాథరిన్ జేన్‌వే చేసింది హత్యా, కాదా? ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో, ఎవరిదో హార్డ్ డిస్క్ నుంచి కాపీ చేసుకున్న ఎపిసోడ్‌తో మొదలైన ఈ గొడవ పదిహేనేళ్ళు దాటినా తెగలేదు. ముగ్గురం మూడు ఊళ్ళలో ఉంటున్నాం. పెళ్ళిళ్ళయ్యాయి, జుట్టు పల్చబడింది. ఫోన్ చేసుకుంటే పిల్లల స్కూలు ఫీజుల తర్వాత ఏదో ఒక వంకతో మళ్ళీ అక్కడికే వస్తాం.

చూడనివాళ్ళ కోసం కథ చెప్తాను. ముప్ఫై ఏళ్ళ కిందటిది కాబట్టి ముగింపు చెప్పేశానని ఎవరూ తిట్టరనుకుంటాను.

వాయేజర్ ఓడ భూమికి 70,000 కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుపోయింది. ఎంత వేగంగా వచ్చినా ఇంటికి చేరడానికి 75 ఏళ్ళు పడుతుంది. అందులో భద్రతాధికారి టువాక్. వల్కన్ జాతివాడు, నవ్వడు, తర్కం తప్ప ఇంకోటి మాట్లాడడు, జేన్‌వేకి పాత స్నేహితుడు. వంటవాడు నీలిక్స్. వాగుడుకాయ. ఓడలో అందర్నీ హుషారుగా ఉంచే పూచీ తనదే అనుకుంటాడు. నీలిక్స్‌ని భరించడం టువాక్‌కి రోజువారీ పరీక్ష. "టువిక్స్" అనే ఎపిసోడ్ (1996 మే 6న ప్రసారమైంది) మొదట్లో ఈ ఇద్దరూ ఒక గ్రహం మీద మొక్కల నమూనాలు సేకరించి ట్రాన్స్‌పోర్టర్‌లో ఓడకి తిరిగొస్తారు. వచ్చేది ఒక్కడే. ఇద్దరి జ్ఞాపకాలు, ఇద్దరి నైపుణ్యాలు, ఇద్దరి బట్టలు కూడా కలిసిపోయిన ఒక కొత్త మనిషి. తన పేరు టువిక్స్ అని తనే పెట్టుకుంటాడు.

చందమామలో బేతాళ కథలు చదివినవాళ్ళకి తలలు మారిపోయిన కథ గుర్తొస్తుంది. అక్కడ విక్రమార్కుడు నోరు విప్పితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది, అంతే నష్టం. ఇక్కడ జవాబు చెప్తే ఒకడు చావాలి.

ఎందుకంటే వారాలు గడుస్తాయి. టువిక్స్ మంచి అధికారి అవుతాడు, మంచి వంటవాడూ అవుతాడు. నలుగురికీ దగ్గరవుతాడు. అప్పుడు డాక్టరు విడదీసే పద్ధతి కనిపెడతాడు. ఒకరి డీఎన్‌ఏకి మాత్రమే అంటుకునే రేడియో ఐసోటోప్ ఒకటి ఎక్కించి, ట్రాన్స్‌పోర్టర్‌తో వేరుచేస్తే పాత ఇద్దరూ తిరిగొస్తారు. టువిక్స్ ఒప్పుకోడు. నాకు చావాలని లేదంటాడు. జేన్‌వే విడదీయాలనే నిర్ణయిస్తుంది. అతను బ్రిడ్జి మీద తోటివాళ్ళందర్నీ బతిమాలతాడు. ఒక్కరూ నోరెత్తరు. సెక్యూరిటీ వాళ్ళు తీసుకుపోతారు.

ఇక మా గొడవ.

గుంటూరు మిత్రుడిది లెక్కల వాదం. "ఇద్దర్ని బతికించడానికి ఒకణ్ణి. దీంట్లో తేల్చడానికేముందిరా? పైగా టువాక్‌కి ఇంటి దగ్గర పెళ్ళాం ఉంది, నలుగురు పిల్లలున్నారు" అనేవాడు. వరంగల్ మిత్రుడిది అనుమానం. "లెక్కా లేదు, ధర్మం లేదు. ఆమెకి టువాక్ కావాలె. ఆ దూరంలో ఆమె మనసు తెలిసినోడు వాడొక్కడే. మిగతా మాటలన్నీ మనకోసం చెప్పినయ్" అనేవాడు. దానికి వాడి సాక్ష్యం ఆ తర్వాతి ఎపిసోడు. అందులో జబ్బుపడి ఒక గ్రహం మీద ఆగిపోయిన జేన్‌వే ఓడని అప్పగించేది టువాక్‌కే. నేను మూడోవాణ్ణి: కారణం ఏదైనా కానీ, వద్దు మొర్రో అంటున్న మనిషిని చంపడం హత్యే.

నా దగ్గరా ఒక సాక్ష్యం ఉండేది. 1995 జనవరిలో వచ్చిన మొదటి కథలో జేన్‌వే చేతిలో ఇంటికి వెళ్ళే దారి ఉంది. దాన్ని వాడుకుంటే, ముక్కూ మొహం తెలియని ఒకాంపా అనే జాతి శత్రువుల పాలవుతుంది. ఆ దారిని ఆమె చేజేతులా పేల్చేసి, తన మనుషులందర్నీ ఆ దూరంలో ఇరికించింది. పరాయివాళ్ళ కోసం తనవాళ్ళ 75 ఏళ్ళు ఖర్చుపెట్టిన మనిషి, ఏడాదిన్నర తిరక్కుండా తనవాళ్ళ కోసం ఒక కొత్తవాడి ప్రాణం ఎలా తీసింది? వరంగల్ మిత్రుడు నవ్వేవాడు. "అందుకే తీసింది. ఒకసారి ఖర్చుపెట్టినంక మల్ల పెట్టే ఓపిక ఎవరికుంటది?"

వాదన ముదిరితే గుంటూరు వాడి దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉండేది. "అరేయ్, టైటిల్స్‌లో టిమ్ రస్ పేరుంది, ఈథన్ ఫిలిప్స్ పేరుంది. వచ్చే వారానికి ఇద్దరూ సెట్లో ఉండాలి. ఆమె ఎందుకు చంపిందో తెలియాలంటే వాళ్ళ కాంట్రాక్టులు చదువు." నిజమే. ఆ రోజుల్లో టీవీ సీరియల్ ఏ వారానికా వారం మొదటికి రావాలి. కానీ ఈ జవాబు ఎవరి నోరూ మూయించలేదు. 2023లో "లోయర్ డెక్స్" అనే యానిమేషన్ సీరియల్ ఈ కథని మళ్ళీ తవ్వింది. అందులోని అధికారులు పాత రికార్డులు చూసి, జేన్‌వే ఇంత పని చేసిందా అని బిత్తరపోతారు. 27 ఏళ్ళు అభిమానులు కొట్టుకున్నది చివరికి పాత్రల నోటికే వచ్చిందన్నమాట. ఆ రచయితలు కూడా చిక్కుముడి విప్పలేదు, తెలివిగా పక్కనుంచి తప్పుకున్నారు.

ఇలాంటి గొడవలు మనకేం కొత్త కాదు. రాముడు చెట్టుచాటు నుంచి వాలిని ఎందుకు చంపాడని మా తాతయ్య, ఆయన స్నేహితులు అరుగు మీద కూర్చుని తగువులాడుకోవడం నాకు బాగా గుర్తు. కిష్కింధకాండలో వాలి నిలదీస్తాడు. రాముడు జవాబు చెప్తాడు: ఈ భూమంతా ఇక్ష్వాకులది, భరతుడి తరఫున శిక్షించే అధికారం నాకుంది; నువ్వు తమ్ముడి భార్యని చెరపట్టావు; సుగ్రీవుడికి మాటిచ్చాను; నువ్వు వానరానివి, వేటలో రాజులు మృగాన్ని చాటునుంచి కొట్టడం ఉన్నదే. నాలుగు కారణాలు. వాటిమీద వ్యాఖ్యాతలవి ఇంకొన్ని. అరుగు మీద మరికొన్ని. చిన్నప్పుడు నాకు తోచింది ఒకటే: ఒక్క కారణం సరిపోతే నాలుగు ఎందుకు చెప్పడం?

ఇన్నాళ్ళూ ఈ ప్రశ్న రాముడికీ జేన్‌వేకీ వేస్తూ వచ్చాను. రెండేళ్ళ కిందట నాకు వేసుకోవాల్సి వచ్చింది.

అప్పటికి నా టీములో ఏడుగురు. ఒక సోమవారం పైనుంచి కబురొచ్చింది. ఒక పేరు ఇవ్వాలి. నేను ఇవ్వకపోతే వాళ్ళే చూసుకుంటారు, అప్పుడు ఇద్దరు పోవచ్చు. స్ప్రెడ్‌షీట్లో ఒక గడి పసుపురంగులో ఉంది, అందులో రాయాలి. రాశాను. ఆ రాత్రి నిద్ర పట్టక కారణాలు లెక్కపెట్టుకున్నాను. ఒకటి, ఒకడితో పోతే ఇంకొకడు మిగులుతాడు. రెండు, అతనికింకా పెళ్ళి కాలేదు, మిగతావాళ్ళకి ఇంటి లోన్లున్నాయి. మూడు, అతను తెలివైనవాడు, ఇంకో ఉద్యోగం ఇట్టే దొరుకుతుంది. నాలుగు, కిందటి క్వార్టర్లో రెండు డెడ్‌లైన్లు తప్పాడు. తెలివైనవాడు కాబట్టి తీసెయ్యొచ్చు, డెడ్‌లైన్లు తప్పాడు కాబట్టీ తీసెయ్యొచ్చు. ఆ రెండూ ఒకదానికొకటి పొసగవని కూడా నాకు ఆ రాత్రి తట్టలేదు.

శుక్రవారం పొద్దున హెచ్ఆర్ వాళ్ళు అతన్ని కాల్‌లోకి పిలిచారు. ఆ కాల్‌లో నేను లేను. ఉండాల్సిన అవసరం లేదన్నారు, నేనూ సరేనన్నాను. పదకొండు గంటలకి మెసేజ్ వచ్చింది: "అన్నా, నీకు ముందే తెలుసా?"

"లేదురా, ఇప్పుడే తెలిసింది" అని టైప్ చేశాను.

కొన్ని నెలల తర్వాత ఆ ఎపిసోడ్ మళ్ళీ చూశాను. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు గానీ, ఆఖరి ఐదు నిమిషాలు చూడ్డం అదే మొదటిసారి అనిపించింది. టువిక్స్‌ని సిక్‌బేకి తెస్తారు. డాక్టరు మనిషి కాడు, వెలుగుతో చేసిన బొమ్మ, ఒక ప్రోగ్రాం. ఆ ప్రోగ్రాం అడ్డం తిరుగుతుంది: నేను వైద్యుణ్ణి, ఒకరి ప్రాణం వాళ్ళ ఇష్టానికి విరుద్ధంగా తియ్యను అంటుంది. ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి, ఈ ముక్క ఇన్నేళ్ళూ నాకెందుకు ఆనలేదో తెలీదు. జేన్‌వే అతనితో వాదించదు. ఇంకెవరికీ ఆర్డర్ వెయ్యదు. తనే ముందుకెళ్ళి ఆ పని చేస్తుంది. చేసేముందు అతని ఎదురుగానే నిలబడుతుంది. టువాక్, నీలిక్స్ తిరిగొస్తారు. వాళ్ళని పలకరించి బయటికి నడుస్తుంది. వరండాలో ఆమె మొహం ఒక్క క్షణం కనిపిస్తుంది, ఎపిసోడ్ అయిపోతుంది.

అంతకుముందు ఆమె కారణం చెప్పింది. మాట్లాడలేని ఆ ఇద్దరి తరఫున కెప్టెన్‌గా నేను మాట్లాడాలి అంది, అతని మొహం మీదే అంది. పని అయ్యాక మాత్రం ఇంకో కారణం చెప్పదు. మనం ఇన్నేళ్ళూ కష్టపడి సమకూర్చిపెట్టిన కారణాలేవీ, లెక్కగానీ స్నేహంగానీ, ఆమె వాడుకోదు.

ఈమధ్య ముగ్గురం ఫోన్లో కలిసినప్పుడు ఇది చెప్పాను. గుంటూరు వాడు ఎగిరి గంతేశాడు. "అంటే ఒప్పుకున్నట్టేగా? హత్య కాదనేగా?" కాదన్నాను. నా ఓటు మారలేదు, అది హత్యే. తను దగ్గరుండి చేసినంత మాత్రాన చచ్చినవాడికి ఒరిగేదేం లేదు. వరంగల్ మిత్రుడు మాత్రం కాసేపు ఆగి అడిగాడు. "మరి ఎందుకు చేసిందంటవ్?"

తెలియదన్నాను. ఇన్నాళ్ళూ "ఎందుకు" అని అడిగింది తెలుసుకోవడానికేనా అని నాకిప్పుడు అనుమానం. సరైన కారణం దొరికితే "అయితే సరే" అనేసి, ఫైలు మూసెయ్యొచ్చని కదా మా ఆశ? హత్య అన్న నేను కూడా, చెడ్డ కారణం దొరికితే ఆమెని అవతల పారేసి హాయిగా పడుకోవచ్చనే చూశాను. ఆ సీరియల్ రాసినవాళ్ళు ఎపిసోడ్‌ని ఆ మొహం మీద ఆపేసి, మాకా హాయి లేకుండా చేశారు. తర్వాతి వారమే ఆ ఊసెత్తకుండా ముందుకెళ్ళిపోయారు. ఆఫీసుల్లో జరిగేదీ అదే. సోమవారం మేం ఆరుగురం పొద్దున్నే మామూలుగా మీటింగ్ పెట్టుకున్నాం. ఎవరూ అతని పేరు ఎత్తలేదు.

మిత్రులకి స్ప్రెడ్‌షీట్ సంగతి ఆ రోజు చెప్పాను. మెసేజ్ సంగతి చెప్పలేదు. ఆ కుర్రాడికి రెండు నెలల్లో వేరే ఉద్యోగం వచ్చిందని తెలిసింది. అంటే నా మూడో కారణం నిజమైంది. దాంతో నాకు ఊరట కలగాలి. అతని మెసేజ్, దాని కింద నా జవాబు, ఇంకా నా ఫోన్లో అలాగే ఉన్నాయి.

నాకు ముందే తెలుసు. నాలుగు రోజుల ముందు. రాసింది నేనే. ముందు ఆ మాట అతనికి పంపాను, తర్వాతే ఈ వ్యాసం పంపుతున్నాను.