నొప్పి ఎలా ఉందని మన భాషలో ఎవరు అడుగుతారు?



మేము విశాఖలో బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న నలుగురం. ఒకటే హాస్టల్ గది. ఇద్దరివి కువి మాట్లాడే ఇళ్ళు, ఒకరిది సవర, ఒకరిది ఆదివాసీ ఒడియా. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సెలవులకి ఊరెళ్తే అందరూ అడిగేది ఒకటే, "సూది వెయ్యడం వచ్చేసిందా?" వచ్చింది. కానీ ఈ పోస్టు సూది గురించి కాదు. ముసలివాళ్ళని, ఇక బాగవ్వరని తెలిసినవాళ్ళని ఎలా చూసుకోవాలో నర్సులు చేసిన పరిశోధన గురించి. ఆ పాఠం చదువుతుంటే మా నలుగురికీ మన ఊళ్ళే గుర్తొచ్చాయి.

పరిశోధన డాక్టర్లది, నర్సులది సేవ అని చాలామంది అనుకుంటారు. ఆ సేవ అనే మాట మాకు అంతగా నచ్చదు. పొగిడినట్టే ఉంటుంది గానీ, ఈ పనికి చదువు అక్కర్లేదు అన్నట్టు కూడా ఉంటుంది. ఇంగ్లండులో డోరీన్ నార్టన్ అనే నర్సు, ఇంకో ఇద్దరితో కలిసి ఆస్పత్రిలో ఉన్న ముసలివాళ్ళ మీద పరిశోధన చేసి 1962లో పుస్తకం వేశారు. మంచం పట్టినవాళ్ళకి నడుం కింద, తుంటి దగ్గర, మడమల దగ్గర పుళ్ళు పడతాయి కదా. అవి రాకుండా ఆ రోజుల్లో నర్సులు చర్మానికి రకరకాలవి రుద్దేవారు. ఏది రుద్దినా పెద్ద తేడా లేదని ఈ పరిశోధనలో తేలింది. తేడా తెచ్చింది మనిషిని వేళకి పక్కకి తిప్పడం. ఎవరికి పుళ్ళు వచ్చే ప్రమాదం ఉందో ముందే తెలుసుకోడానికి ఒక కొలత కూడా తయారుచేశారు. ఒంటి పరిస్థితి, తెలివి, నడక, కదలిక, మల మూత్రాల మీద పట్టు, ఈ ఐదింటికీ 1 నుంచి 4 మార్కులు. మొత్తం 20కి 14 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే జాగ్రత్త పడాలి.

మాలో ఒకరి తాత జారిపడి మంచం పట్టారు. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళి చూస్తే ఇంట్లో కొబ్బరినూనె, పౌడరు బాగానే రాస్తున్నారు. తిప్పడం మాత్రం లేదు. రెండు గంటలకోసారి తిప్పండి అంటే గడియారం ఎవరు చూస్తారు? పొద్దున్నే పొలానికి పోయేవాళ్ళు. అందుకని వేళలు ఇలా పెట్టుకున్నారు: కోళ్ళని వదిలినప్పుడు ఎడమ పక్క, పశువుల్ని కొండకి తోలినప్పుడు కుడి పక్క, అంబలి తాగేటప్పుడు ఆనించి కూర్చోబెట్టడం. పెద్దవాళ్ళు పొలంలో ఉంటే బడి లేని పిల్లలు తిప్పేవారు. రాత్రిపూట పొయ్యిలో కట్టె ఎగదోయడానికి ఎవరు లేస్తే వాళ్ళే తిప్పాలి. ఏజెన్సీ చలికి ఎలాగూ లేవాల్సిందే కదా. తాత మార్చిలో పోయారు. ఆఖరి స్నానం చేయించేటప్పుడు ఒంటి మీద ఒక్క పుండు లేదని పెదనాన్న ఫోనులో చెప్పారు. ఆ మాట వేరే ఊళ్ళవాళ్ళకి కూడా చెప్పుకున్నారట.

నొప్పి సంగతి ఇంత తేలిగ్గా లేదు.

మేము డ్యూటీకి వెళ్ళిన ఒక వార్డులో మన ఏజెన్సీ అవ్వ ఒకామె ఉండేది. క్యాన్సరు. ఊరి నుంచి రోడ్డు దాకా డోలీలో, అక్కణ్ణుంచి అంబులెన్సులో తెచ్చారు. మనవడు బయటికి వెళ్ళిన టైములో "సున్నా నుంచి పది లోపు నొప్పి ఎంత?" అని తెలుగులో అడిగారు. అవ్వకి తెలుగు రాదు, మర్యాదకి నవ్వింది. కాగితం మీద సున్నా పడింది. సాయంత్రం మాలో ఒకరు కువిలో పలకరిస్తే అవ్వ చెయ్యి పట్టుకుని అరగంట వదల్లేదు. లోపల ఎవరో అడ్డాకులు పుల్లతో కుడుతున్నట్టు పొడుస్తోందట, రాత్రిళ్ళు ఎక్కువట. మేకల్ని ఎవరు చూస్తున్నారో తెలీదట. పోయేలోపు ఊరికి తీసుకెళ్తారా లేదా అని కూడా అడిగింది. సిస్టరుకి చెప్పాం, ఆమె డాక్టరుకి చెప్పారు, మందు మార్చారు. ఊరికి పంపడం మా చేతిలో లేదు.

ఇలాంటిదానికి ఒక పేరుంది. సిస్లీ సాండర్స్ అనే ఆమె ముందు నర్సు, తర్వాత సోషల్ వర్కరు, ఆ తర్వాత డాక్టరు అయి, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. చావుకి దగ్గరైన మనిషి నొప్పిలో ఒళ్ళు, మనసు, ఇల్లూవాకిలీ, నమ్మకం అన్నీ కలిసి ఉంటాయని, దాన్ని మొత్తం నొప్పిగా చూడాలని ఆమె చెప్పారు. మరి అవ్వ మేకలు కూడా ఆ లెక్కలోవే.

మతిమరుపు ముదిరి మాట పోయినవాళ్ళ నొప్పి కనిపెట్టడానికి కూడా 2003లో అమెరికాలో ఒక కొలత వచ్చింది. ఊపిరి, మూలుగు, ముఖం, ఒంటి కదలిక, ఓదారిస్తే కుదుటపడటం, ఇవి చూసి మార్కులు వేస్తారు. మంచిదే. కానీ మన అవ్వలకి మాట పోలేదు, వినేవాళ్ళే లేరు.

కేరళలో 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో నొప్పి తగ్గించే క్లినిక్ పెట్టారు. తర్వాత ఇరుగుపొరుగువాళ్ళే వాలంటీర్లుగా శిక్షణ తీసుకుని ఇళ్ళకి వెళ్ళడం మొదలుపెట్టారు. 2008లో ప్రభుత్వం దానికి పాలసీ చేసింది. మార్ఫిన్ మీద చట్టం బిగింపు 2014 సవరణతో దేశమంతా కొంత సడలింది. ఆ పద్ధతి మక్కీకి మక్కీ మన కొండల మీద నడుస్తుందని మేము అనుకోం. వాగు దాటి నర్సు వారానికోసారి రావడం కష్టం. కానీ ఊళ్ళో ఉన్న ఆశా అక్కకి మన భాష వచ్చు. అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు అసలు పని. నాలుగో సంవత్సరం మాకు రీసెర్చ్ ప్రాజెక్టు ఉంటుంది. మన భాషల్లో నొప్పి మాటలు పోగుచెయ్యాలని అనుకుంటున్నాం. తెలుగులోనే చూడండి, మంట, పోటు, సలుపు, తీపు, గుంజుడు, ఏదీ ఇంకోదానిలా ఉండదు. మంటగా, కరెంటు కొట్టినట్టు ఉందంటే నరాల నొప్పి కావొచ్చు, దానికి మామూలు నొప్పి బిళ్ళ సరిగ్గా పనిచెయ్యదు, వేరే మందు కావాలి. అంటే మాట తప్పితే మందూ తప్పుతుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, వాళ్ళు చెప్పిన మాట చెప్పినట్టే తెలుగు లిపిలో కింద రాయండి. పక్కన భాష, మండలం పెట్టండి. పలకడం కష్టమైతే వాయిస్ మెసేజ్ పంపండి. కువిలో ఇప్పటికి పదకొండు వచ్చాయి. సవరలో నాలుగే. సీతంపేట, భామిని వైపు వాళ్ళు కాస్త చూడండి.