లంబసింగి ఘాట్‌లో లావు టైరు

డౌనూరు దాటాక శబ్దం మొదలైంది. మొదట కర్... కర్... అని, ఎండిన తాటాకు మీద ఎవరో గోరుతో గీస్తున్నట్టు. నర్సీపట్నంలో టీ తాగి బయల్దేరినప్పుడు లేదు. నేను పట్టించుకోలేదు. పాత బండి నడిపేవాడికి ముందుగా అబ్బే విద్య అదే. రెండు మలుపులు ఎక్కేసరికి గీకడం మాని కొరకడం మొదలైంది. మూడో మలుపులో టక్కుమని ఒక చప్పుడు. ఇంజను ఉత్సాహంగా అరుస్తోంది, బండి మాత్రం మెల్లగా వెనక్కి జారుతోంది.

తునిలో పదకొండేళ్లుగా బడికీ ఇంటికీ మధ్య తిరుగుతున్న బండి అది. స్ప్లెండర్. నా చేతికి వచ్చేటప్పటికే ఒకరి చేయి మారింది. డిసెంబరులో శనివారం, ఆదివారం కలిపి ఇంకో రెండు రోజులు సెలవు దొరికితే లంబసింగి చలి చూసొద్దామని బుద్ధి పుట్టింది. చలికి స్వెట్టరు కొన్నాను, కొండకి టైరు కొన్నాను. స్వెట్టరు సంగతి సరే. ఆ టైరు పెద్ద బండ్లకి వేసే లావు టైరు. ‘కొండ రోడ్డుకి ఇదుంటే బండి నేలకి అతుక్కుపోద్దండీ’ అన్నాడు అమ్మినాయన. వెనక చక్రానికి ఎక్కించాక అది చైన్ కవరుకి ఒరుసుకుంటుంటే, ఆయనే సుత్తితో కవరుని నాలుగు మొట్టి లోపలికి నొక్కేశాడు. చూడ్డానికి బండికి కండ పట్టినట్టుంది. మా అబ్బాయి ఫొటో కూడా తీశాడు.

రోడ్డు పక్కన బండి స్టాండు వేసి, ఏదైనా వ్యాను వస్తుందేమోనని ఒక బండరాయి మీద కూర్చున్నాను. గంటసేపు కూర్చుంటే ఏ రోడ్డు గురించైనా ఆలోచన వస్తుంది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఈ దారి వేసేటప్పుడు గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ కొండవాళ్ల చేత వెట్టి చేయించాడు. కూలి సరిగా ఇవ్వకుండా, కాదన్నవాళ్లని కొట్టించి. పోడు మీద ఆంక్షలతో అప్పటికే ఉడికిపోతున్న మన్యానికి ఈ రోడ్డు పని పుండు మీద కారమైంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు మొదట వెళ్లి పడింది చింతపల్లి పోలీసు స్టేషను మీదనే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. బళ్లో ఏటా చెప్పే పాఠమే. తారీఖులు నోటికొచ్చు. కానీ ఆ కొండవాళ్లు పగలగొట్టిన రాయి మీద చైను ఊడిన బండి పక్కన కూర్చుని ఆలోచిస్తే, పాఠంలో ఒక్క ముక్కలో తేల్చేసే ‘రోడ్డు పని’ అనే మాట బరువుగా తగిలింది. ఈ మలుపు దగ్గర ఎవడి వీపు వంగిందో.

కూరగాయలు దించేసి తిరిగి వెళ్తున్న ఖాళీ వ్యాను ఒకటి ఆగింది. బండిని ఎక్కించారు. పైన లంబసింగి దాటి చింతపల్లి వైపు కొద్ది దూరంలో, పనస చెట్టు కింద టార్పాలిన్ కట్టిన షెడ్డు దగ్గర దించారు.

బోర్డు లేదు. మనిషికి నలభై అయిదు ఉంటాయేమో. మంకీ టోపీ, గ్రీజు పట్టిన లుంగీ. నన్ను చూడలేదు, బండి వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు.

“ఏటి మేష్టారూ, ఈ టైరెవరేసినారు?”

నేను మేష్టార్నని ఎలా తెలిసిందని అడిగాను. జేబులో రెండు పెన్నులు చూపించాడు.

చైన్ కవరు కింద నల్ల రబ్బరు బిరడా ఒకటి ఉంది. దాన్ని గోరుతో లాగి, ఆ కంతలో వేలు పెట్టి చైనుని తడిమాడు. పదకొండేళ్లలో ఆ బిరడాని నేను చూడనే లేదు. చైను ఎంత వదులుగా ఉందో చూసుకోడానికే కంపెనీవాడు ఆ కిటికీ పెట్టాడట. వేలితో పైకీ కిందకీ ఆడిస్తే అంగుళం లోపు ఆడాలి. అంతకంటే బిగిస్తే బేరింగు తింటుంది, వదిలేస్తే పళ్లు ఎక్కి దూకుతుంది. నాది రెండంగుళాలు ఊగుతోంది.

మన బండ్ల చైన్ కవరు ఒక విచిత్రం. బురద నుంచి, చీర అంచు నుంచి, పంచె కొంగు నుంచి కాపాడ్డానికి చైనుని నిండా రేకు డబ్బాలో పెట్టేశారు. కాపాడింది నిజమే. కానీ కనపడనిది మనకి గుర్తుండదు. 1985లో హీరో హోండావాళ్లు సి.డి.100 తెచ్చినప్పుడు, పెట్రోలు పోయించి, మూత పెట్టి, ఆ ఊసే మరిచిపొమ్మని ప్రకటన ఇచ్చారు. 1994లో వచ్చిన స్ప్లెండరు ఆ వంశాంకురమే. వాళ్లు చెప్పింది పెట్రోలు గురించి. నేను చైన్ని కూడా మరిచిపోయాను.

రెండు ముక్కల కవరు విప్పాడు. సుత్తి దెబ్బలకి లోపలికి వంగిన రేకు చైనుకి ఒరుసుకుని, ఒకచోట బ్లేడులా పదునెక్కింది. చైను లాకు క్లిప్పు ఎగిరిపోయింది. దాన్ని కొట్టేసింది ఆ రేకే. నేరస్తుడు దొరికాడు. రేకుని వంచినవాడు దుకాణంవాడు, వంచమని టైరు కొన్నవాణ్ని నేను.

“లావు టైరుకి లావు రిమ్ముండాల. ఇది సన్న రిమ్ము. గిన్నెలో పెద్ద అట్టు పెడితే ఏటవుద్ది? మజ్జిన లెగిసిపోద్ది. నేలకి ఆనీది ఇంతే,” అని బొటనవేలి గోరు చూపించాడు. బరువు పెరుగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, మలుపులో బండి మొండికేస్తుంది. మలుపుల్లో బండి నా మాట వినట్లేదని డౌనూరు ముందు నుంచే అనిపిస్తోంది, వయసు మీద నెట్టేశాను.

తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షనుని ఈ షెడ్డులో చదివితే నవ్వుతారు. నాకు ముందొచ్చి ఎదురుచూస్తున్న మూడు బండ్లూ కంపెనీ ఆనవాళ్లు కోల్పోయినవే. ఒకదానికి ఇనప ఊచలతో వెల్డింగు చేసిన క్యారియరు, దాని మీద రాజ్‌మా చిక్కుడు బస్తా. ఇంకోదానికి చీర గార్డులో ఒక కత్తి, గొడుగు, జీలుగు కల్లు క్యాను. ఆడవాళ్ల చీర చక్రంలో చిక్కుకోకూడదని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ రూలు పెట్టి మరీ తగిలించిన కటకటాలు అవి. ఇక్కడ చీర ఒక్కటి తప్ప అన్నీ దాంట్లో ఉన్నాయి.

మూడో బండికి జరుగుతున్న మార్పే నాకు బాగా నచ్చింది. ఇంజను దగ్గరుండే చిన్న పళ్లచక్రాన్ని తీసి, ఒక పన్ను తక్కువున్నది వేస్తున్నాడు. లెక్కల మేష్టార్ని కాబట్టి వేళ్ల మీద వేసుకున్నాను. ముందు 14 పళ్లు, వెనక 42 అనుకుందాం. చిన్నది మూడు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. ముందు 13 చేస్తే మూడుంబావు చుట్లు కావాలి. వెనక మూడు పళ్లు పెంచిన దాంతో దాదాపు సమానం, ఖర్చు మాత్రం తక్కువ. ఇంజను చిన్నదే, 97.2 సీసీ. కానీ బస్తాతో, ఇద్దరు మనుషులతో ఘాట్ ఎక్కగలుగుతుంది. మైదానంలో అరవైకే గొంతు చించుకుంటుంది. “ఈ కొండలో అరవయ్యేటి సేసుకుంటారు మేష్టారూ?” స్పీడు మీటరు తీగ ముందు చక్రం నుంచి వస్తుంది కనక వెనక ఎన్ని పళ్లు మార్చినా మీటరు లెక్క తప్పదు. ఆ మాట నేనంటే మొదటిసారి తలెత్తి నా మొహం చూశాడు. ఆ ఒక్క చూపుకి నాకు కలిగిన గర్వం ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

చైను మంచిదే, సాగింది కానీ ఇంకా పని చేస్తుందన్నాడు. కిరసనాయిలులో కడిగాడు. ఒక బిస్కెట్ డబ్బా తీశాడు. అందులో వందల చిన్న ముక్కలు: పాత లాకులు, క్లిప్పులు, సగం అరిగిన బోల్టులు, కార్బురేటరు జెట్లు. చచ్చిన బండ్ల అస్థికలు. అందులోంచి ఒక క్లిప్పు ఏరి, మూసి ఉన్న కొస చైను పరిగెత్తే దిక్కుకి ఉండేలా పెట్టాడు. తిరగేసి పెడితే ఏదైనా తగిలినప్పుడు చీలిక వైపు నుంచి ఊడొచ్చేస్తుంది. షెడ్డులో పని నేర్చుకునే కుర్రాడికి ఆ మాట ఒకసారే చెప్పాడు, కానీ వాడి చేత మూడుసార్లు తీయించి పెట్టించాడు. నా బళ్లో నేను మూడుసార్లు చెబుతాను, ఒకసారీ చేయించను.

చక్రం విప్పినప్పుడు హబ్బులోని డ్యాంపరు రబ్బర్లు చూపించాడు. గేరు మార్చినప్పుడల్లా చైను కుదుపుని మింగేవి అవే. నావి అరిగి, సందుల్లో ఆడుతున్నాయి. కొత్తవి నర్సీపట్నంలో దొరుకుతాయి. అందాకా పాత ట్యూబు ముక్కలు కత్తిరించి సందుల్లో దూర్చాడు. “ఇది వైద్యం కాదు, కట్టు,” అన్నాడు. నా బండికి సరిపడే సన్న టైరు ఒకటి అటక మీంచి దించాడు. సగం అరిగినది. దానికి బదులు నా కొత్త లావు టైరు అతనికి. ‘నీకు లాభం కదా’ అంటే, ‘దీన్నెవరేసుకుంటారు బాబూ, పడుండడానికి చోటు దండగ’ అన్నాడు. మజూరీ మూడు వందల యాభై. చైనుకి 90 నంబరు ఆయిల్ సీసాలో కొంచెం పోసిచ్చి, ఇంజను ఆయిలు మార్చినప్పుడు మిగిలే నల్ల నూనె మాత్రం చైను మీద పోయొద్దని చెప్పాడు. అందులో ఇనప నలుసులు ఉంటాయి, ఇసక రుద్దినట్టేనట. అన్నేళ్లూ నేను పోయిస్తున్నది ఆ నల్ల నూనే.

నేను వేసుకొచ్చిన ఉల్లి పకోడీలు ముగ్గురం తిన్నాం. వాళ్ల ఇంటి నుంచి చోడి అంబలి వచ్చింది. చల్లగా, పులుపుగా, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ. తుని హోటల్లో ఎన్ని పెసరట్లు తిన్నానో లెక్కలేదు. కానీ ఆ గిన్నెడు అంబలి రుచి వేరు.

ఆ రాత్రి బస చేసిన గుడారం గురించి ఎక్కువ రాయను. లోపల పడుకుంటే బయట పడుకున్నంత చలి, తీసుకున్న డబ్బు మాత్రం మేడ గదికి తీసుకున్నంత. లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు, ఆరుబయట ఉండిపోయినవాడు కొర్రులా బిగుసుకుపోతాడని. పేరు పెట్టినవాడు గుడారంలో పడుకునే ఉంటాడు. తెల్లవారుజామున చెరువులవేనం కొండ ఎక్కి మేఘాలు చూశాను. బాగున్నాయి.

బండి మాత్రం స్టార్టవలేదు. చలికి చోక్ లాగి, కిక్కు మీద కిక్కు కొట్టి, పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసిపోయింది. నెట్టుకుంటూ మళ్లీ పనస చెట్టు కిందికే. ఈసారి అతను నవ్వాడు. ప్లగ్గు విప్పి, పొయ్యి సెగకి ఆరబెట్టి, విరిగిన హాక్సా బ్లేడు ముక్క ఒకటి తీసి దాని కొసల మధ్య దూర్చి చూశాడు. ఆ సందు మిల్లీమీటరులో పదింట ఆరేడు పాళ్లు ఉండాలి, బ్లేడు మందం ఇంచుమించు అంతే. కొలబద్ద కొననక్కర్లేదు. బ్లేడు అరిగి కోత ఆగిపోయాక కూడా పనికొచ్చే చోటు ఒకటుంది. 2020 తర్వాత వచ్చిన బండ్లలో చాలావాటికి కార్బురేటరు లేదు, చోక్ లేదు, కంప్యూటరే పెట్రోలు కొలిచి పోస్తుంది. వాటి సంగతేమిటని అడిగితే, “వైరింగు పాడైతే నాను సెయ్యలేను, కిందకి ఎట్టుకెల్లమంటాను,” అన్నాడు. బాధ లేదు, చిన్నబుచ్చుకోలేదు. ప్లగ్గు బిగించి ఒక్క కిక్కుకి స్టార్టు చేశాడు. డబ్బు తీసుకోలేదు.

తరవాతి రోజు చింతపల్లి, పాడేరు. కాఫీ తోటలు, మిరియాల తీగలు, వంటకి ఉప్పు తక్కువైన ఒక లాడ్జీ. సన్న టైరుతో బండి మలుపుల్లో మళ్లీ నా మాట వింటోంది.

తిరుగు దారిలో పొగమంచు విడుతుండగా షెడ్డు దూరం నుంచే కనపడింది. మొన్న లేనిదొకటి రోడ్డు మీదికి వేలాడుతోంది. పనస కొమ్మకి తాడు కట్టి, నా లావు టైరు. పక్కల తెల్ల రంగుతో, అక్షరాలు గుండ్రంగా వంచి రాసి ఉంది: ‘పంచర్లు వేయబడును’.

బండి ఆపాను. అతను టైరు గురించి ఏమీ అనలేదు. లుంగీ ఎగ్గట్టి గొంతుక్కూర్చుని, రబ్బరు బిరడా లాగి, కంతలో వేలు పెట్టాడు.