సీసపు సీలు వెనక లెక్క

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో పంపుసెట్లు, బేరింగులు, బోల్టులు అమ్మే దుకాణాల వరస దాటి పక్క సందులోకి తిరిగితే, ఒక పాత మేడ మెట్ల కింద ఆ వర్క్‌షాపు ఉంది. బోర్డు లేదు. కవరు మీద స్టాంపు బదులు విలువ ముద్రవేసే ఫ్రాంకింగ్ మిషన్లు బాగుచేసే పనిలోనే ఉద్యోగమంతా గడిపి రిటైరైన పెద్దాయన దాన్ని నడుపుతున్నారు. బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద బూడిద రంగు ఇనుప డబ్బా లాంటి యంత్రం ఒకటి పెట్టి నా కోసం ఎదురుచూస్తున్నారు.

"సార్, ముందుగాల ఒక మాట. సీలు ఉన్న మిషన్ నేను ఇప్పను. దీనికి లైసెన్సు వాపసు ఇచ్చేసిన్రు, డై పోస్టాఫీసోళ్లు తీసుకున్నరు, ఇగ ఇది తుక్కు కిందికే లెక్క. గందుకే మీకు ఇప్పి చూపిస్తున్న."

ఆ మాటతోనే ఆయన మీద నాకు గురి కుదిరింది. ఈ యంత్రాన్ని చూడాలని నేను చాలాకాలంగా అనుకోవడానికి కారణం కూడా అలాంటి నమ్మకమే. తపాలా బిళ్ల అంటే ప్రభుత్వం అచ్చువేసే విలువ. అలాంటి విలువను ముద్రించే సాధనాన్ని ప్రభుత్వం బ్యాంకుల చేతికి, బీమా కంపెనీల చేతికి, తపాలు సెక్షన్లో కూర్చున్న గుమస్తా చేతికి ఇచ్చి, మీ ఆఫీసులోనే పెట్టుకుని మీరే కొట్టుకోండి అంది. అలా అనగలిగిందంటే ఆ డబ్బా లోపల ఏముండాలి?

ముందు బయటి భాగం చూపించారు. పైన నాలుగు మీటలు, ఒక్కో మీట పక్కన సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెలు. పక్కన రెండు చిన్న కిటికీలు, వాటిలో రెండు వరసల అంకెలు. వెనక వైపు కప్పును బిగించిన స్క్రూలకు తలలు లేవు. అవి బిగించేటప్పుడు ఒక మోతాదు దాటగానే తల తెగి రాలిపోయేలా చేసిన స్క్రూలు. స్క్రూడ్రైవర్ పెట్టడానికి గాడి మిగలదు కాబట్టి లోపలికి వెళ్లాలంటే డ్రిల్లు పెట్టాల్సిందే. పెడితే ఆనవాలు దాగదు. పోస్టాఫీసు తాళం ఉండే చోట మెలితిప్పి, ఇప్పుడు తెంపేసిన తీగ, తీగ కొసన సీసపు బిళ్ల. ఆ బిళ్లను పోస్టాఫీసు వాళ్లు తమ పట్టుకారుతో నొక్కితే దాని మీద గుర్తు పడుతుంది. గోటితో గీకితే గీత పడేంత మెత్తటి లోహం అది. ఎవరినైనా ఆపే బలం దానికి లేదు. ఎవరైనా చెయ్యి పెట్టారా లేదా అన్నది చెప్పడమే దాని పని.

డ్రిల్లు పెట్టి కప్పు తీశాక లోపల కనిపించిన పనితనం ముందు నేను చాలాసేపు మాట్లాడలేదు. మధ్యలో ఒక ఇరుసు. దాని కొసన ముద్రవేసే డ్రమ్ము, ఇప్పుడు డై తీసేయడంతో నున్నగా ఉంది. అదే ఇరుసు నుంచి పళ్లచక్రాల వరసలు రెండు వైపులకు వెళ్లి రెండు లెక్కల పెట్టెలను తిప్పుతాయి. ఒకదాన్ని అసెండింగ్ అంటారు. యంత్రం పుట్టినప్పటి నుంచి కొట్టిన మొత్తం అందులో పెరుగుతూ పోతుంది, ఎన్నటికీ తగ్గదు. రెండోది డిసెండింగ్. పోస్టాఫీసులో కట్టిన సొమ్ములో ఇంకా మిగిలింది అందులో ఉంటుంది.

"మొదటి కిటికీల ఎంతుంది?" అన్నారు.

8,42,316 ఉంది. రెండో దాంట్లో 1,684.

"కలపుండ్రి."

8,44,000.

మీటలను అయిదు రూపాయలకు జరిపి, పిడిని నా చేత తిప్పించారు. దేశంలో మామూలు కవరుకు 20 గ్రాముల దాకా పడే తపాలా ఖర్చు అది. డ్రమ్ము ఒక చుట్టు తిరిగి టక్కున నిలబడింది. మొదటి కిటికీలో 8,42,321, రెండో దాంట్లో 1,679. మళ్లీ కలిపితే మళ్లీ 8,44,000. ఎన్నిసార్లు తిప్పినా ఈ మొత్తం మారదు. పోస్టాఫీసులో కొత్తగా సొమ్ము నింపినప్పుడే మారుతుంది, అప్పుడు కూడా నింపినంతే పెరుగుతుంది. ఆ మొత్తం పోస్టాఫీసు పుస్తకంలో రాసి ఉంటుంది. కాబట్టి తనిఖీకి వచ్చిన మనిషి కప్పు విప్పనక్కర్లేదు, కిటికీల్లోకి చూసి రెండు సంఖ్యలు కూడితే చాలు. యంత్రం లోపల ఏదైనా ఒక లెక్కలో వేలు పెడితే ఆ కూడిక తప్పుతుంది. ఇంత పెద్ద బాధ్యతను ఇంత చిన్న లెక్క మీద నిలబెట్టిన వాళ్లకు నేను మనసారా దండం పెడతాను.

అయితే కూడిక నిలబడాలంటే ముద్ర పడటం, ఖర్చు పెరగడం, నిల్వ తగ్గడం ఒకదాన్ని విడిచి ఒకటి జరగకూడదు. మోసం చేయాలనుకున్న వాడు వెతికేది ఆ సందే. పెద్దాయన నా చేత అలాంటి ప్రయత్నాలన్నీ చేయించారు. పిడిని సగం తిప్పి, వెనక్కి తిప్పమన్నారు. కదల్లేదు. ఇరుసు మీదున్న రంపపు పళ్ల చక్రంలో ఒక ఉక్కు నాలుక పడి ఉంది. ముందుకు పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. అలాగే సగంలో ఆపి, మీటలను అయిదు రూపాయల నుంచి యాభైకి జరపమన్నారు. లెక్క అయిదుకు పడి ముద్ర యాభైకి పడితే ఎంత లాభం! వంగి చూస్తే, డ్రమ్ము తన చోటు నుంచి కాస్త కదలగానే దువ్వెన లాంటి పల్చటి రేకు ఒకటి జారి వచ్చి నాలుగు మీటల అడుగున ఉన్న గాళ్లలో కూర్చుంది. చుట్టు పూర్తయి డ్రమ్ము ఇంటికి చేరేదాకా అది లేవదు. వేలికి నొప్పి పుట్టింది తప్ప మీట వెంట్రుకవాసి కూడా జరగలేదు.

మూడోది నిల్వ అయిపోయినప్పుడు పడే లాకు. డిసెండింగ్ పెట్టెలో పెద్ద స్థానాల చక్రాలన్నీ సున్నాకు వచ్చినప్పుడు వాటి అంచున ఉన్న గాళ్లు ఒకే గీతలోకి వస్తాయి. అప్పుడు స్ప్రింగు పట్టిన కొక్కెం ఒకటి ఆ గాళ్లన్నింటిలోకి ఒకేసారి దిగి ఇరుసును బిగబడుతుంది. నిల్వ పూర్తిగా సున్నా అయ్యేదాకా ఆగకుండా కొంచెం ముందే పడుతుందది. లేకపోతే రూపాయి మిగిలినప్పుడు కూడా వంద రూపాయల ముద్ర కొట్టుకోవచ్చు.

ఈ మూడు అంగాలూ, అంటే ముద్ర, లెక్క, లాకు, ఒకే యంత్రంలో కట్టిన వాడు ఆర్థర్ పిట్నీ. షికాగోలో గోడలకు అంటించే రంగుకాగితాల దుకాణంలో గుమస్తా. 1902లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. నార్వేలో 1900లోనూ, న్యూజిలాండ్‌లో 1904లోనూ ఇలాంటి యంత్రాలు వాడకంలోకి వచ్చాయి గానీ, అమెరికా తపాలా శాఖ మాత్రం పిట్నీని ఏళ్ల తరబడి తిప్పింది. చివరికి స్టాంపుల మీద ముద్రలు కొట్టే యంత్రాల వ్యాపారి వాల్టర్ బోస్‌తో చేయి కలిపి 1920లో కంపెనీ పెట్టాక, వాళ్ల మోడల్ ఎమ్ యంత్రానికి ఆ ఏడాదే అనుమతి వచ్చింది. అదే ఏడాది మాడ్రిడ్‌లో కూడిన ప్రపంచ తపాలా సమాఖ్య మహాసభ విదేశీ టపాకు కూడా ఈ ముద్రలు చెల్లుతాయని ఒప్పుకుంది. 1922 జనవరి 1 నుంచి అది అమలైంది. దేశదేశాల్లో ఫ్రాంకింగ్ ముద్రలు చాలాకాలం ఎర్రగా ఉండటం ఆ సమాఖ్య నియమాల వల్లే.

పిట్నీ కష్టం తల్చుకుంటే నాకు తపాలా శాఖ మీద కోపం రాదు. ఊరికే ఎవడో వచ్చి మీ ఖజానా తాళంచెవి నాకివ్వండి, నా డబ్బాలో భద్రంగా ఉంటుంది అంటే, ఎవరైనా అన్ని ప్రశ్నలూ అడగాలి.

ఈ యంత్రానికి సొమ్ము నింపడం గురించి అడిగితే పెద్దాయన ముఖం వెలిగింది. నిల్వ తగ్గగానే ఆఫీసు బంట్రోతు మీటరును, అంటే ఈ లెక్కల డబ్బాను, గుడ్డలో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని పోస్టాఫీసుకు తెచ్చేవాడట. అక్కడ సీలు సరిచూసి, రెండు అంకెలూ పుస్తకంలో ఎక్కించి, తాళం తీసి, కట్టిన సొమ్ము మేరకు నిల్వ పెంచి, మళ్లీ సీలు వేసి ఇచ్చేవారు. కొట్టిన కవర్లను దారిలో కనిపించిన పోస్టు డబ్బాలో వేయడానికి వీల్లేదు. లైసెన్సులో రాసిన పోస్టాఫీసులోనే, ముఖాలన్నీ ఒకవైపు పెట్టి కట్టలు కట్టి, ముద్రలో ఉన్న తేదీనే, మీటరు అంకెలు రాసిన చీటీతో సహా ఇవ్వాలి.

"కండక్టరు వే బిల్లు చూసిన్రా? పొద్దున ఏ నంబరు టికెట్ల మొదలైంది, ఏ నంబరుల ఆగింది? గంతే. నిన్నటి అంకెకు, ఇయ్యాల్టి అంకెకు నడుమ ఎంత తేడా ఉందో కట్టల గన్ని రూపాయల కవర్లే ఉండాలె. ఎక్కువున్నయంటే దొంగముద్రలు పడ్డట్టే."

దొంగముద్ర మాట వచ్చింది కాబట్టి ఆయన దాచుకున్న పాత కవరు ఒకటి బయటికి తీశారు. ఎడమ పక్క కంపెనీ నినాదం, మధ్యలో పోస్టాఫీసు పేరు తేదీతో గుండ్రటి ముద్ర, కుడి పక్క విలువ, లైసెన్సు నంబరు. విలువ అంకెలకు ముందు ఖాళీ లేకుండా సున్నాలు నింపి ఉన్నాయి, తర్వాత ఎవరూ ముందొక అంకె చేర్చకుండా. అంతవరకు బాగానే ఉంది. కానీ ఎంత చూసినా అది ఎర్ర సిరాతో పడిన గుర్తు. డబ్బా లోపల ఎన్ని పళ్లచక్రాలు కాపలా ఉన్నా, బయట ఇంకొకడు అలాంటి డై చెక్కించుకుంటే చక్రాలకు ఆ సంగతే తెలియదు.

"లెక్కను మిషన్ కాపాడతది సార్. ముద్రను మాత్రం కౌంటర్ల కూసున్న మనిషే కాపాడాలె," అన్నారు పెద్దాయన.

ఈ యంత్రం భద్రత గురించి నేను విన్న మాటల్లో ఇంతకంటే సూటైనది లేదు. తర్వాత వచ్చిన మార్పులన్నీ ఆ రెండో సగాన్ని కూడా యంత్రానికే అప్పగించాలన్న తాపత్రయమే. మీటర్ల లోపలి భాగాలతో ఆటలాడి డబ్బు ఎగ్గొట్టే వాళ్లు పెరగడంతో 1990ల రెండో సగంలో అమెరికా తపాలా శాఖ పళ్లచక్రాల మీటర్లను దశలవారీగా రద్దు చేసింది. వాటి బదులు వచ్చిన వ్యవస్థలో కవరు మీద చుక్కల గడి ఒకటి పడేది. అందులో యంత్రం నంబరు, తేదీ, విలువ ఉండేవి. వాటితో పాటు అప్పటి అసెండింగ్, డిసెండింగ్ అంకెలు కూడా ఉండేవి. కింద వీటన్నింటికీ కలిపి రహస్య గణితంతో చేసిన డిజిటల్ సంతకం. ఒకప్పుడు బంట్రోతు రోజుకొకసారి తెచ్చిన చీటీని ప్రతి కవరూ తన నుదుటి మీద మోసుకొచ్చేదన్న మాట. పళ్లచక్రాల నాటి కూడిక ఆ చుక్కల్లో కూడా చెక్కుచెదరలేదు. 1999 ఆగస్టులో ఇంటర్నెట్ ద్వారా సొంత కంప్యూటర్ నుంచే ఇలాంటి గుర్తు ముద్రించుకోవడానికి కూడా ఆ శాఖ అనుమతి ఇచ్చింది.

సంతకాన్ని కొత్తగా పుట్టించడం ఎవరి తరమూ కాదు, నిజమే. కానీ ఒకసారి పడిన గడిని జిరాక్సు తీసి వంద కవర్ల మీద అంటిస్తే వందా సరైన సంతకాలే. అదే గుర్తు రెండోసారి వచ్చిందని పట్టుకోవాలంటే దారిలో ఎక్కడో ఒకచోట చదవాలి, చదివింది గుర్తుపెట్టుకోవాలి, పోల్చాలి. అంటే కౌంటరులోని మనిషి పని పోలేదు, సార్టింగ్ యంత్రానికి మారింది. ఆ పని చేయకపోతే ఎంత గొప్ప సంతకమైనా ఎర్ర సిరా గుర్తుతో సమానమే. డిజిటల్ ముద్ర వచ్చింది కదా అని తనిఖీ సిబ్బందిని తగ్గించుకునే ఏ తపాలా శాఖకైనా నేను చెప్పేది ఇదే.

మధ్యాహ్నం పెద్దాయన తాను సర్వీసు చేసే ఒక ఆఫీసు తపాలు సెక్షన్‌కు తీసుకెళ్లారు. అక్కడున్నది కొత్త డిజిటల్ యంత్రం. దీన్ని ఆటోలో మోయక్కర్లేదు. లైను కలిపితే దూరంగా ఉన్న సర్వరుతో మాట్లాడుకుని నిల్వ నింపుకుంటుంది. ఈ పద్ధతికి పునాది 1970ల చివర్లో అమెరికాలో పడింది. ఫోన్లో మీటరు అంకెలు చెబితే అవతలి కంప్యూటరు ఒక సంకేత సంఖ్య ఇచ్చేది. ఆ సంఖ్య ఆ మీటరుకే, ఆ ఒక్కసారికే పనిచేసేది.

పెద్దాయన రోలర్లు తుడిచి, సిరా కార్ట్రిడ్జి మార్చారు. లోపల నల్లటి చిన్న పెట్టె ఒకటి చూపించి, దాన్ని తాకనన్నారు. లెక్కలూ రహస్య తాళంచెవులూ దాంట్లోనే. ఇలాంటి పెట్టెలను తొలిస్తే లోపలి తాళంచెవి తనంతట తాను చెరిగిపోయేలా చేస్తారు. పాత మీటల బదులు ఇక్కడ కరెంటుతోనే ఆటలాడే వీలుంది కాబట్టి, ముద్ర వేయకముందే నిల్వలో కోత వేసి, ఆ లెక్కను కరెంటు పోయినా చెరగని జ్ఞాపకంలో రెండు చోట్ల రాసుకునే పద్ధతి ఎలక్ట్రానిక్ మీటర్ల నాడే వచ్చింది. ప్లగ్గు పీకితే నష్టపోయేది పీకిన వాడే.

వచ్చే దారిలో ఒక సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ఆగాం. దస్తావేజులకు స్టాంపు డ్యూటీ కట్టడంలో కూడా ఫ్రాంకింగ్ మన రాష్ట్రాల్లో నడిచింది. తెల్గీ నకిలీ స్టాంపు పేపర్ల కుంభకోణం తర్వాత, ముందే విలువ అచ్చువేసిన కాగితాన్ని ఊరూరా పంచడం ఎంత ప్రమాదమో అందరికీ తెలిసింది. సొమ్ము కట్టినప్పుడే, కట్టినంతకే ముద్ర పడటంలో ఉన్న లాభం అక్కడ మరీ స్పష్టం.

వర్క్‌షాపుకు తిరిగొచ్చాక తుక్కు యంత్రాన్ని ఏం చేస్తారని అడిగాను. ఒక పాలిటెక్నిక్ వాళ్లు తీసుకుంటామన్నారట. ఇనుప కప్పు బదులు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు కోసి బిగిస్తున్నారు, లోపలి కదలికంతా బయటికి కనిపించేలా. దువ్వెన రేకుకు ఎర్ర రంగు, కొక్కేనికి పసుపు రంగు వేశారు. ఉక్కు నాలుకకు ఏ రంగు వేయాలో తేల్చుకోలేదు.

"నిల్వ ఎంత పెట్టి ఇస్తరు?" అని ఆయన యాసలోనే అడిగాను.

"లాకు పడే అంకెకు ఓ యాభై రూపాయలు పైన పెడత. అయిదయిదు చొప్పున పిల్లలే తిప్పాలె. కొక్కెం పడినంక పిడి ఎందుకు తిరుగుతలేదో వాళ్లే వంగి చూసుకుంటరు."

అలా చెబుతూనే డిసెండింగ్ చక్రాలను ఒక్కొక్కటే చిన్న పుల్లతో వెనక్కి జరుపుతున్నారు. ప్రతిసారీ కాగితం మీద రెండు అంకెలూ రాసి, కూడి, జరిపినంతే తగ్గిందని చూసుకుని టిక్కు పెట్టుకుంటున్నారు.