గుల్ల మీద గుల్ల

మేరీల్యాండ్‌లో ఉండే మన వాళ్ళకి బే బ్రిడ్జి అంటే ఓషన్ సిటీకి వెళ్ళే దారి. నాలుగు మైళ్ళకు పైగా సాగే ఆ వంతెన ఎక్కగానే వెనక సీట్లోంచి "ఇంకా ఎంతసేపు నాన్నా?" అన్న పాట మొదలవుతుంది. కిందున్న చీసపీక్ అఖాతాన్ని చూసేవాళ్ళు తక్కువ. పోయిన ఆగస్టులో మేము మాత్రం సముద్రం దాకా పోకుండా, ఈస్టన్ దగ్గర కుడికి తిరిగి, 33వ నంబరు రోడ్డు పట్టుకుని, సెయింట్ మైకేల్స్ మీదుగా టిల్గ్‌మన్ ద్వీపానికి వెళ్ళాం. ఆ రోడ్డు అటు చివరే అయిపోతుంది. దారంతా మొక్కజొన్న చేలు, పీతల బుట్టలు, చిన్న చిన్న రేవులు. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ కారు అద్దం దించి, "మన పులికాట్ వాసన వస్తోందబ్బాయ్!" అంది. అమ్మది సూళ్ళూరుపేట పక్క పల్లె.

వెళ్ళింది ఆల్చిప్పల కోసం. ఇక్కడి వాళ్ళు ఆయిస్టర్లు అంటారు. తినడానికి కాదు లెండి! మా ఇంట్లో సగం మంది శాకాహారులు, మిగతా సగానికి పచ్చివి జుర్రుకునే ధైర్యం లేదు. మా పెద్దమ్మాయికి బడి తెరిచాక సైన్సు ప్రాజెక్టు ఉంది. స్వాతి కార్తెలో వాన చినుకు ఆల్చిప్పలో పడితే ముత్యమవుతుందని వాళ్ళ నానమ్మ చెప్పిన కథ విని, "సరే, మరి ఆల్చిప్ప ఎలా పుడుతుంది?" అని పట్టుకుంది. (ఈ అఖాతంలోని ఆల్చిప్పల్లో ముత్యం దొరకడం అరుదు. దొరికినా మెరుపుండదు.)

పిల్లలూ, ఆల్చిప్పకి ఒక చిక్కుంది. అది కదలలేదు. పక్కింటికి కూడా వెళ్ళలేని జీవికి సంసారం ఎలా? నీళ్ళే పెళ్ళిళ్ళ పేరయ్య. వేసవి మొదట్లో నీటి వేడి 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దరిదాపులకు రాగానే మగవి తమ వీర్యకణాలను పొగలాగా నీళ్ళలోకి వదులుతాయి. ఆ కణాలు తగలగానే ఆడవి చిప్పలు టపటపా కొట్టుకుంటూ గుడ్లను వెదజల్లుతాయి. ఒకటి మొదలుపెడితే చుట్టుపక్కలవన్నీ అందుకుంటాయి. పెద్ద ఆడది ఒక వేసవిలో కోట్ల గుడ్లు వదలగలదు. ఇంకో వింత, ఇవి పుట్టిన మొదటి ఏడాది చాలావరకు మగవే. వయసు పెరిగేకొద్దీ ఎక్కువ భాగం ఆడవిగా మారిపోతాయి. మా అమ్మ ఇది విని చాలాసేపు నవ్వింది.

గుడ్డూ కణమూ నీళ్ళలో కలిస్తేనే పిల్ల. అందుకని ఇవి గుంపుగా, దగ్గర దగ్గరగా ఉండాలి. విడివిడిగా ఉన్నవి ఎన్ని గుడ్లు వదిలినా నీటిపాలే. కలిసినవి ఒకటి రెండు రోజుల్లోనే కంటికి కనపడనంత చిన్న చిప్ప కట్టుకుని, సన్నటి నూగు వెంట్రుకలతో ఈదుతూ రెండు మూడు వారాలు తిరుగుతాయి. ఆ తిరుగుడులో కోట్లకి కోట్లు పోతాయి. వాటిని మింగే ఒక రకం జెల్లీ ప్రాణి ఉంది. ఆ ప్రాణిని తినేది, వేసవిలో మన పిల్లల కాళ్ళని చురుక్కుమనిపించే కుట్టే జెల్లీచేప. చిత్రమేమిటంటే ఈ కుట్టేది పొరపాటున ఆల్చిప్ప పిల్లని నోట్లో వేసుకున్నా చాలాసార్లు బతికుండగానే ఉమ్మేస్తుందట! మనకి శత్రువు, దానికి కాపలాదారు.

చివరికి మిగిలిన పిల్లకి ఒక కంటిచుక్క, ఒక చిన్న పాదం వస్తాయి. అప్పటికి దాని సైజు మిల్లీమీటరులో మూడో వంతు. అడుక్కి దిగి, ఆ పాదంతో అటూ ఇటూ పాకుతూ చోటు వెతుక్కుంటుంది. మనం ఇల్లు కొనేటప్పుడు స్కూలు చూసి, దేశీ కొట్టు ఎంత దూరమో చూసినట్టు! బురద పనికిరాదు, కూరుకుపోతుంది. గట్టిది కావాలి. దానికి అన్నిటికంటే నచ్చేది ఇంకో ఆల్చిప్ప గుల్ల. నచ్చిందా, ఒక చుక్క జిగురు వదిలి ఎడమ చిప్ప ఆనించి అతుక్కుంటుంది. ఇక పాదం అక్కర్లేదు, కన్నూ అక్కర్లేదు. రెండూ కరిగిపోతాయి. బతికినన్నాళ్ళూ అక్కడే.

టిల్గ్‌మన్‌లో స్కిప్‌జాక్ అనే పాతకాలపు తెరచాప పడవెక్కాం. నడిపే పెద్దాయన చాప్టాంక్ నదిలో ఇనప పళ్ళున్న సంచీని అడుగున లాగి పైకి తీశాడు. బురద, పీతలు, గుల్లలు! ఒక పాత గుల్లని కడిగి మా అమ్మాయి చేతిలో పెట్టాడు. దాని మీద గోరంత కూడా లేని చిప్పలు. ఏడు లెక్కపెట్టింది. ఆ వేసవిలో పుట్టినవే. ఇంటికి తీసుకెళ్తానంది. "అవి బతికున్నాయమ్మా" అని ఆయన మెల్లిగా తీసుకుని నీళ్ళలో వేసేశాడు. దాని మొహం కాసేపు చిన్నబోయింది.

1880ల్లో ఒక్క మేరీల్యాండ్‌లోనే ఏడాదికి కోటి బుషెళ్ళకు పైగా ఆల్చిప్పలు పట్టేవారు. లోపలి మాంసం డబ్బాల్లో, రైళ్ళలో దేశమంతా వెళ్ళింది. గుల్లలు రోడ్ల కిందకి, సున్నానికి, కోళ్ళ మేతకి పోయాయి. అసలు దెబ్బ అదేనని నాకనిపిస్తుంది. తల్లుల్ని తినడమే కాక పిల్లలు వాలే చోటు కూడా ఎత్తుకుపోయారు. పైగా పొలాల మట్టి కొట్టుకొచ్చి మిగిలిన గుల్లల్ని కప్పేసింది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో రెండు రోగాలు వచ్చి మిగతా పని పూర్తిచేశాయి. (మనుషులకి వాటివల్ల హాని లేదు.) ఇప్పుడున్నవి పాతకాలంతో పోలిస్తే నూటికి ఒక వంతో, కాస్త అటూ ఇటో అంటారు.

నేను తర్జుమా చేసి చెబుతుంటే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "మా చిన్నప్పుడు చెరువులో గుల్ల తవ్వి బళ్ళకెత్తి బట్టీలకి తోలేవోళ్ళు. గుల్లసున్నం కొట్టిన గోడ ఎంత తెల్లగా ఉండేదో! దాని మీద ఇంకోటి పుట్టాలని ఎవరికి తెలుసురా?" నాకో సంగతి గుర్తొచ్చింది. మన తూర్పుతీరపు ఆల్చిప్పల్ని తూత్తుకుడిలో శాస్త్రవేత్తలు పెంచినప్పుడు, పిల్లలు అతుక్కోవడానికి సున్నం పూసిన పెంకులు వాడారు. చెప్తే అమ్మ, "ఆ మాత్రం తెలివి వాటికుంది" అంది.

ఇక్కడా అదే దారి. నదికి ఎగువన కేంబ్రిడ్జి ఊరి దగ్గర హార్న్ పాయింట్‌లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం వారి పొదుగుశాల ఉంది. రెస్టారెంట్లలో తిని పారేసే గుల్లల్ని పోగుచేసి, ఏడాదికి తక్కువ కాకుండా ఎండకీ వానకీ ఉంచి, కడిగి, తొట్లలో నింపి, కంటిచుక్క వచ్చిన పిల్లల్ని ఆ నీళ్ళలో వదులుతారు. కొన్ని రోజుల్లో అతుక్కుంటాయి. తర్వాత పడవలో తీసుకెళ్ళి నదిలో జల్లుతారు. టిల్గ్‌మన్ పక్కనే ఉన్న హ్యారిస్ క్రీక్‌లో 2011 నుంచి 2015 దాకా సుమారు 350 ఎకరాల్లో ఇలా 200 కోట్లకు పైగా పిల్లల్ని దింపారు. అక్కడ ఎవరూ పట్టకూడదు.

మీరూ వెళ్తానంటే సెయింట్ మైకేల్స్‌లో చీసపీక్ బే మ్యారిటైమ్ మ్యూజియం తప్పక చూడండి. 1879లో కట్టిన హూపర్ స్ట్రెయిట్ లైట్‌హౌస్‌ని అక్కడికి తెచ్చి నిలబెట్టారు, పిల్లలు మెట్లెక్కి పైకి పోవచ్చు. పులిహోర పొట్లం కట్టుకెళ్ళడం మంచిది, టిల్గ్‌మన్‌లో మన తిండి దొరకదు. జులై, ఆగస్టుల్లో మాత్రం పిల్లల్ని నీళ్ళలోకి దింపకండి, మన కాపలాదారు జెల్లీచేపలు డ్యూటీలో ఉంటాయి!