ఒక్క స్క్రూ దూరం

లాప్‌టాప్‌లోంచి గోడగడియారంలా టిక్కు టిక్కు. తెరమీద 2100 నంబరు ఎర్రర్, అంటే హార్డ్ డిస్క్ అయిపోయినట్టే. "పాతది కదా, కొత్తది కొనేయండి సార్" అన్నాడు వీధి చివర రిపేరు కుర్రాడు.

రిటైరైన లెక్కల మాస్టారు వింటారా! వారిది థింక్‌ప్యాడ్ టీ420, 2011 నాటి మోడల్. ఆ కాలపు లాప్‌టాప్‌లతో అదే సుఖం, విప్పితే విడతాయి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్లి రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ తెచ్చుకున్నారు. బ్యాటరీ ఊడదీసి, అడుగున ఉన్న ఒక్క స్క్రూ విప్పితే పక్క మూత వచ్చేసింది. ట్యాబ్ పట్టి లాగితే డిస్కు సొరుగులా జారింది. దాని రెండు అంచులకీ ఉన్న నల్ల రబ్బరు పట్టీలు తీసి కొత్తదానికి తొడిగారు. పాతది 9.5 మిల్లీమీటర్ల మందం, కొత్తది 7. కాస్త వదులైతే పెళ్లి శుభలేఖ ముక్క మడిచి దోపారు!

పెన్‌డ్రైవ్‌తో లినక్స్ ఎక్కించారు. కాఫీ చల్లారేలోపే అయిపోయింది.

పాత డిస్కు మాత్రం జేబురుమాల్లో చుట్టి బీరువాలో, ఇంటి దస్తావేజుల పక్కన పెట్టారు. మళ్లీ తిప్పితే లోపలి పళ్లేలు గీరుకుపోతాయని భయం. అందులో మనవరాలి అన్నప్రాసన ఫొటోలున్నాయి.

బ్యాకప్పా? ఆయన్ని అడక్కండి.